పిల్లర్లు లెక్కపెట్టేవాళ్ల దగ్గరే మెట్రో అసలు లెక్క

హైదరాబాద్ మెట్రో రెండో దశ ఎక్కడిదాకా వచ్చిందని ప్రభుత్వాన్ని అడిగితే కోట్లలో, కిలోమీటర్లలో జవాబు వస్తుంది. తొలి భాగం (2-ఏ) ఒక్కదానికే ఐదు కారిడార్లు, 76.4 కిలోమీటర్లు, 24,269 కోట్లు. అదే ప్రశ్న పాతబస్తీలో బైక్ పక్కకు ఆపి ఫోన్‌తో వీడియో తీసుకుంటున్న కుర్రాడిని అడిగి చూడండి. ఏ మలుపు దగ్గర ఎన్ని ఇళ్ల ముందుభాగం కొట్టేశారో, కరెంటు స్తంభాలు ఎక్కడిదాకా జరిపారో, సాయిల్ టెస్ట్ బండి ఎక్కడ కనిపించిందో గడగడా చెప్తాడు. నాకు రెండో జవాబు మీదే నమ్మకం ఎక్కువ. మంత్రుల మీద కోపంతో అంటున్న మాట కాదిది. ఈ ఊళ్లో మెట్రో నడిచొచ్చిన దారి అలాంటిది.

2008లో మేటాస్ నాయకత్వంలోని కంపెనీల కూటమి మొదటి దశ టెండర్ దక్కించుకుంది. ప్రభుత్వం తమకు పైసా ఇవ్వక్కర్లేదని, తామే ఎదురు 30,311 కోట్లు ఇస్తామని చెప్పింది. వినడానికి బాగుంది కానీ, ఇదంతా భూముల మీద కన్నేసిన లెక్క అని ఢిల్లీ మెట్రో శ్రీధరన్ అప్పుడే హెచ్చరించారు. మేటాస్ వెనకున్న రాజు కుటుంబానిదే అయిన సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడింది, 2009లో ఆ ఒప్పందం రద్దయింది. 2010 సెప్టెంబర్‌లో ఎల్ అండ్ టీతో కొత్త ఒప్పందం, 2012లో పనులు. 2014లో రాష్ట్రం మారింది. అసెంబ్లీ దగ్గర, సుల్తాన్ బజార్‌లో, పాతబస్తీలో రూటు మారుస్తామని కొత్త ప్రభుత్వం అంది. చివరికి 2017 నవంబర్ 28న నాగోలు నుంచి అమీర్‌పేట మీదుగా మియాపూర్ దాకా 30 కిలోమీటర్లు ప్రారంభమైంది. మిగతాది ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఎల్‌బీ నగర్ 2018లో, హైటెక్ సిటీ, రాయదుర్గం 2019లో, జేబీఎస్–ఎంజీబీఎస్ 2020 ఫిబ్రవరిలో. ఎంజీబీఎస్ దాటి ఫలక్‌నుమా వెళ్లాల్సిన ముక్క మాత్రం అక్కడే ఆగిపోయింది. 72 కిలోమీటర్లు అనుకున్నది 69 దగ్గర నిలిచింది.

శంకుస్థాపనల సంగతి ఇంకో కథ. 2022 డిసెంబర్ 9న మైండ్‌స్పేస్ నుంచి ఎయిర్‌పోర్టుకు 31 కిలోమీటర్ల లైన్‌కు కేసీఆర్ రాయి వేశారు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది, ఆ లైన్ రద్దయింది. ఎయిర్‌పోర్టు మెట్రో నాగోలు వైపు నుంచి అని కొత్త మ్యాప్ వచ్చింది. 2024 మార్చి 8న ఫలక్‌నుమా దగ్గర పాతబస్తీ లైన్‌కు రేవంత్ రెడ్డి రాయి వేశారు. ఇన్ని రాళ్లు చూసిన జనం శిలాఫలకం ఫొటో చూసి చప్పట్లు కొట్టరు. పిల్లర్ లేస్తే అప్పుడు చూద్దాం అంటారు. ఆ పిల్లర్ లేచిందా లేదా అని రోజూ చూసి వచ్చేవాళ్లు కొందరు ఈ నగరానికి దొరకడం మన అదృష్టమే.

ఎవరు వీళ్లు? ఇంజినీరింగ్ చదివే పిల్లలు, రిటైరైన ఉద్యోగులు, ఆఫీసుకు పోతూ దారిలో ఫొటో తీసుకునే ఐటీ ఉద్యోగులు. ఎవరూ జీతం ఇవ్వరు. మొదటి దశ కట్టేటప్పుడు రాత్రి ట్రాఫిక్ తగ్గాక లాంచింగ్ గర్డర్ (వంతెన ముక్కల్ని పైకెత్తి పేర్చే భారీ యంత్రం) కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూసినవాళ్లు వీళ్లు. ఆ పని నిజంగా చూడాల్సిందే. ఉప్పల్, కుత్బుల్లాపూర్ కాస్టింగ్ యార్డుల్లో ముందే పోతపోసిన కాంక్రీటు ముక్కలు (సెగ్మెంట్లు) ట్రైలర్ మీద వచ్చేవి. ఒక్కో ముక్కను పైకి లాగి, పక్క ముక్కకు ఎపాక్సీ పూసి అతికించి, లోపలి నుంచి స్టీలు కేబుళ్లు లాగి బిగిస్తే రెండు పిల్లర్ల మధ్య వంతెన భాగం, అంటే స్పాన్, తయారయ్యేది. తర్వాత ఆ గర్డర్ తానే ముందుకు జరిగి తర్వాతి పిల్లర్ ఎక్కేది. దీన్ని నాలుగైదుసార్లు చూసినవాడికి ఇక ప్రెస్ నోట్‌తో పనిలేదు. పిల్లర్ క్యాప్ మీద బేరింగులు పెట్టారంటే లాంచింగ్ గర్డర్ వస్తోందని, పైన కరెంటు తీగలు లాగారంటే ట్రయల్ రన్ దగ్గర పడిందని వాడే చెప్పేస్తాడు.

నాగోలు వైపు ఉండే ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఓసారి నాతో అన్నారు: “వాళ్లు డేట్ చెప్తారు సార్. నేను పక్క బిల్డింగ్ మేడెక్కి పట్టా చూస్తా. రైలు తిరిగిన పట్టా మెరుస్తుంది, తిరగని పట్టా తుప్పు పట్టి ఉంటుంది.” ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ ఇంత సూటైన సూచిక నాకు కనిపించలేదు.

ఈ చూపు వల్ల మామూలు ప్రయాణికుడికి ఏం లాభం అంటే, 2019 మార్చి గుర్తు చేసుకోండి. హైటెక్ సిటీ దాకా మెట్రో తెరిచారు. ఐటీ జనం ఎగబడ్డారు, కానీ రైలు రైలుకూ మధ్య చాలాసేపు ఆగాల్సి వచ్చింది. రైళ్లు చాలలేదేమో అనుకుని తిట్టుకున్నవాళ్లే ఎక్కువ. అసలు విషయం వేరు. రైలు వెనక్కి తిరిగే రివర్సల్ ఏర్పాటు రాయదుర్గం వైపు ఇంకా సిద్ధం కాలేదు. దాంతో జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటాక ఒకే లైన్ మీద వెళ్లిన రైలు అదే లైన్ మీద వెనక్కి రావాలి. పని జరగడం కళ్లారా చూస్తున్నవాళ్లు ఈ మాట ముందే అన్నారు. ఆ ఏర్పాటు సిద్ధమయ్యాకే ఇబ్బంది తీరింది. లైన్ ‘ఓపెన్’ కావడానికీ, ‘పూర్తి’ కావడానికీ ఉన్న తేడాను రిబ్బన్ కత్తిరించేవాళ్లు చెప్పరు.

అయితే ఈ అభిమానుల్ని నెత్తిన పెట్టుకోవాల్సిన పని కూడా లేదు.

పాతబస్తీ వీడియోలు చూడండి. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్ల కోసం రోడ్డు వెడల్పు చేస్తున్నారు. గజానికి 81,000 రూపాయల పరిహారం ఖరారైంది, 2025 జనవరిలో చెక్కులివ్వడం, కూల్చివేతలు మొదలయ్యాయి. జేసీబీ ఒక ఇంటి ముందుగోడ పడగొడుతుంటే దాని మీద ‘పనులు స్పీడందుకున్నాయి’ అని టైటిల్, వెనక హుషారైన మ్యూజిక్. ఆ గోడ వెనక కిందంతస్తులో కుట్టుమిషన్ పెట్టుకుని బతుకుతున్న కిరాయిదారు ఉంటాడు. పరిహారం చెక్కు ఇంటి ఓనర్ పేరున వస్తుంది, అతను రేపు ఎక్కడికి పోవాలో ఆ వీడియోలో ఉండదు. పనిని కాంక్రీటులో మాత్రమే కొలిచే కంటికి కూల్చివేత కూడా ప్రగతిలాగే కనబడుతుంది. మెట్రో రావాలనే నేనూ కోరుకుంటున్నా. ఇన్నేళ్లు పాతబస్తీని వదిలేయడమే పెద్ద అన్యాయం. కానీ అక్కడ పని చూడటానికి పోయినవాడు గోడ పడిన ఇంట్లోవాళ్లతో ఒక మాటైనా మాట్లాడి రావాలి.

రెండోది రియల్ ఎస్టేట్. కోకాపేట, పటాన్‌చెరు, హయత్‌నగర్ లైన్ల గురించి వచ్చే వీడియోల్లో ఏది అభిమానం, ఏది బ్రోకర్ పని అన్నది చెప్పడం కష్టంగా మారింది. లైన్ కేంద్రం ఆమోదం కోసం ఎదురుచూస్తుండగానే ‘మెట్రో స్టేషన్‌కు రెండు నిమిషాలు’ అని ప్లాటు అమ్మేస్తుంటారు. ఏ స్టేషన్, ఎప్పుడొచ్చే స్టేషన్ అని అడిగితే ఫోన్ కట్. అసలైన పరిశీలకుడిని గుర్తుపట్టే చిట్కా ఒకటుంది: పని జరగకపోతే ‘జరగలేదు’ అని కూడా వీడియో పెడతాడు. బ్రోకర్ పెట్టడు.

ఇంకో చిన్న ఫిర్యాదు. ఈ ఉత్సాహంలో పదో వంతు కూడా మామూలు రైలు పట్టాల మీద తిరిగే లోకల్ రైలు ఎంఎంటీఎస్‌కు దక్కదు. 2003 ఆగస్టు నుంచి తిరుగుతున్న రైలు అది. టికెట్ చౌక, పట్టాలు ఎప్పుడో ఉన్నవే. రెండో దశ ఏళ్ల తరబడి నానింది, మేడ్చల్ వైపు రైలు 2023 ఏప్రిల్‌లో గానీ కదల్లేదు. నడిరోడ్డు మీద పిల్లర్లు లేవవు కాబట్టి ఫొటోకు అందం ఉండదు, అందుకే దాని ఆలస్యాన్ని అడిగే గొంతులూ తక్కువే.

పిల్లర్లంటే మనకు ఎంత అలవాటో చెప్పాలంటే మన అడ్రసులు చాలు. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కాలం నుంచే అత్తాపూర్‌లో హోటల్ పెట్టినా, క్లినిక్ పెట్టినా బోర్డు మీద పిల్లర్ నంబర్ వేస్తున్నారు. మెట్రో వచ్చాక కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్‌లకూ అదే పాకింది. క్యాబ్ డ్రైవర్ కాలనీ పేరు అడగడు, ‘ఏ పిల్లర్ సార్?’ అంటాడు. అంటే నగరంలో ప్రతి పిల్లర్‌కూ ఒక నంబర్ ఉంది, ఆ నంబర్ జనానికి తెలుసు. మరి ఆ నంబర్ వారీగా పని ఎక్కడిదాకా వచ్చిందో నెలకోసారి అధికారికంగా బయటపెట్టడానికి అడ్డేమిటి? పునాది పడిందా, పిల్లర్ లేచిందా, స్పాన్ కూర్చుందా, పట్టాలు వేశారా అన్న నాలుగు గడుల పట్టిక చాలు. కాంట్రాక్టర్ బిల్లు పెట్టేటప్పుడు ఈ లెక్క ఎలాగూ ఇవ్వాలి. ఆఫీసు ఫైల్లో ఉన్నదాన్నే జనానికి చూపించమంటున్నాం.

కట్టడం అయిపోయాక కూడా ఈ పట్టిక అవసరమే. 2019 సెప్టెంబర్‌లో వాన పడుతుంటే అమీర్‌పేట స్టేషన్ కింద నిలబడ్డ ఒక యువతి మీద పైనుంచి పెచ్చు ఊడిపడి ప్రాణం పోయింది. రోజూ తల పైకెత్తి చూసే అలవాటున్నవాళ్లకు పెచ్చు లేవడం, నీరు కారడం ముందే కనబడే అవకాశం ఉంది. వాళ్లు పంపిన ఫొటోకు పిల్లర్ నంబర్ వేసి, ఎవరు చూశారో, ఏం చేశారో రాసే చోటు ఒకటి ఉండాలి.

ఇంతకాలం నడుపుతున్నది ప్రైవేటు కంపెనీ కదా అనే సాకు ఉండేది. 2025 సెప్టెంబర్‌లో ఎల్ అండ్ టీ వాటాను, దాంతోపాటు దాదాపు 13,000 కోట్ల అప్పును తామే తీసుకుంటామని రాష్ట్ర ప్రభుత్వం ముందుకొచ్చింది. ఆ అప్పు తీర్చేది మన పన్నులతోనే కాబట్టి లెక్క అడిగే హక్కూ మనదే. ఎవరూ అడగకముందే సమాచారం బయటపెట్టాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రభుత్వ సంస్థలకు చెబుతోంది. మొదటి పట్టిక చాంద్రాయణగుట్ట లైన్‌ది కావాలి. అందులో పిల్లర్లతోపాటు ఖాళీ చేయించిన కిరాయిదారుల గడి కూడా ఉండాలి.