జేలోస్ అంటే అసూయ ఒక్కటే కాదు

మీ వ్యాసంలో 'జేలోస్' అనే గ్రీకు మాటకు అసూయ అని ఒక్క అర్థమే ఇచ్చి వదిలేశారు. ఇది అరిస్టాటిల్‌కు అన్యాయం. వక్తృత్వ కళ మీద రాసిన 'రెటోరిక్' రెండో పుస్తకంలో ఆయన అసూయకు 'ఫ్తోనోస్' అనే వేరే మాట వాడాడు. ఎదుటివాడికి ఉందే అని ఏడవడం ఫ్తోనోస్. నేనూ అందుకోగలిగిన మంచే, నాకింకా లేదే అన్న బాధ జేలోస్. ఆ బాధ మనిషిని దానికి తగినవాడిగా తయారు చేస్తుంది కనుక అది మంచివాళ్ల గుణం అంటాడు. ఎంత సూక్ష్మంగా చూశాడో!

అందరూ ఇలాగే వాడలేదు, నిజమే. బైబిల్లో యోహాను 2:17లో దేవుని ఇంటి గురించిన ఆసక్తి గ్రీకు మూలంలో జేలోసే, గలతీ 5:20లో పౌలు శరీరకార్యాల్లో చేర్చిన మత్సరమూ అదే. ప్రాచీన గ్రీకు కవి హెసియడ్ దగ్గరైతే జేలోస్ ఏకంగా దేవుడు, విజయదేవత నైకీకి తోబుట్టువు. కనీసం అరిస్టాటిల్ భాగమైనా వ్యాసంలో చేర్చండి.