దిబ్బరొట్టె అంటే లావుపాటి అట్టు కాదండీ బాబూ!

గోదారి జిల్లాల హోటళ్లలో కూడా దిబ్బరొట్టె అడిగితే, దోసెల పెనం మీద నాలుగు గరిటెల ఇడ్లీపిండి పోసి తిరగేసి ఇస్తున్నారేంటండీ! అసలు దిబ్బరొట్టెకైతే గ్లాసు మినపప్పు గట్టిగా రుబ్బి, కడిగి పిండిన బియ్యపు రవ్వ 2 గ్లాసులు కలపాలి. నీళ్లెక్కువైతే రొట్టె సాగుతుంది. మందపాటి ఇనప మూకుట్లో నూనె కాగాక రెండంగుళాల మందాన వేసి, మూతపెట్టి, సన్న సెగన 20 నిమిషాలు వదిలెయ్యాలి. ఈ హోటలోళ్లకేమో తొందర. మంట పెంచుతారు, అడుగు మాడుద్ది, నడుమ పచ్చిపిండి. ఆ ఎర్రటి చెక్కు కరకరలాడకపోతే ఇంకెందుకండీ రొట్టె? తేనెపానకం అడిగితే పంచదార పాకం! తేనెపానకమంటే బెల్లం గట్టిపడకముందే దించే చెరుకు పాకమండీ. పైగా పల్లీ చట్నీ తోసి, "దీంతో బాగుంటదండి" అని సలహా కూడానూ.