708 ఓట్ల గెలుపు, కొండ మీది కుర్చీ: భూమన ప్రయాణం తిరుపతికి చెప్పేదేమిటి?

2019 మే 23. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో వైఎస్సార్ కాంగ్రెస్ 14 సీట్లకు 13 గెలిచింది. పక్కనే ఉన్న చంద్రగిరిలో ఆ పార్టీకి 41 వేల పైచిలుకు మెజారిటీ వచ్చింది. తిరుపతిలో మాత్రం చివరిదాకా టెన్షనే. అన్ని రౌండ్లూ అయ్యాక భూమన కరుణాకర్‌రెడ్డికి వచ్చిన ఆధిక్యం 708 ఓట్లు. మా వైపు రెండు వీధులు అటు తిరిగి ఉంటే టీడీపీ అభ్యర్థి సుగుణమ్మ గెలిచేవారు. రాష్ట్రమంతా ఒకవైపు కొట్టుకుపోతున్న రోజున ఈ ఊరు ఎందుకు ఆచితూచి ఓటేసింది? అప్పటినుంచీ నన్ను వదలని ప్రశ్న ఇది.

తిరుపతి సీటు మొదటినుంచీ పెద్ద పేర్లను ఆకర్షించింది. 1983లో ఎన్టీఆర్ ఇక్కడినుంచి గెలిచారు. 2009లో చిరంజీవి పాలకొల్లులో ఓడిపోయి ఇక్కడ గెలిచారు. ఆ ఎన్నికలో ఆయన చేతిలో దాదాపు 16 వేల తేడాతో ఓడింది కాంగ్రెస్ అభ్యర్థిగా ఉన్న భూమనే. తర్వాత ప్రజారాజ్యం కాంగ్రెస్‌లో కలిసింది, చిరంజీవి రాజ్యసభకు వెళ్లారు, ఊరికి ఎమ్మెల్యే లేకుండా పోయాడు. 2012 ఉప ఎన్నికలో జగన్ పార్టీ తరఫున నిలబడిన భూమన దాదాపు 18 వేల మెజారిటీతో కాంగ్రెస్ అభ్యర్థి వెంకటరమణను ఓడించారు.

రెండేళ్లు తిరిగేసరికి సీను మారిపోయింది. 2014లో మళ్లీ అదే ఇద్దరు ఎదురెదురుగా నిలబడ్డారు. ఈసారి వెంకటరమణ టీడీపీ సైకిల్ ఎక్కి వచ్చారు. భూమన 41 వేల పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో 14 సీట్లకు 8 ఆయన పార్టీయే గెలిచిన ఏడాది అది. అంటే జిల్లా గాలి ఆయనకు అనుకూలంగానే ఉంది, ఊరు మాత్రం ఎదురు తిరిగింది. ఆ ఏడాది చివర్లో వెంకటరమణ చనిపోయారు. 2015 ఉప ఎన్నికలో వైఎస్సార్ కాంగ్రెస్ పోటీకి దిగలేదు, ఆయన భార్య సుగుణమ్మ లక్షా 16 వేల మెజారిటీతో గెలిచారు. నాలుగేళ్లకు 708. ఇంకో ఐదేళ్లకు, 2024లో, భూమన కొడుకు అభినయ్‌రెడ్డి దాదాపు 62 వేల తేడాతో ఓటమి.

ఈ అంకెలన్నీ చూసి చాలామంది బలిజ కులం ఓట్ల లెక్క చెబుతారు. ఆ లెక్క అబద్ధమని నేననను. చిరంజీవి ఈ ఊరిని ఎంచుకోవడంలోనూ, 2024లో చిత్తూరు ఎమ్మెల్యేగా ఉన్న ఆరణి శ్రీనివాసులును జనసేన తెచ్చి ఇక్కడ నిలబెట్టడంలోనూ ఆ లెక్క ఉంది. కానీ కులం ఓట్లు రెండేళ్లలో పుట్టి, ఐదేళ్లలో మాయమవ్వవు కదా! 18 వేల గెలుపు 41 వేల ఓటమి కావడానికి ఇంకేదో కారణం ఉండాలి. 1999 నుంచి ఇప్పటిదాకా ఇక్కడ ఏ ఎమ్మెల్యే కూడా వరసగా రెండోసారి గెలవలేదు. కుప్పంలో చంద్రబాబు 1989 నుంచి ఎనిమిది సార్లు గెలిచారు, పుంగనూరులో పెద్దిరెడ్డి 2009 నుంచి పాతుకుపోయారు. అక్కడ ఎమ్మెల్యే అంటే ఊరికి పెద్దదిక్కు. తిరుపతిలో ఎమ్మెల్యే అంటే ఎవరు? నన్నడిగితే, ఈ ఊళ్లో ఉన్న పదవుల్లో అది నాలుగోదో ఐదోదో. కొండ మీద టీటీడీ చైర్మన్, ఈవో ఉన్నారు. కింద కార్పొరేషన్, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ). తుడా చైర్మన్‌కు హోదా రీత్యా టీటీడీ బోర్డులో చోటుంది, ఊరు ఓటేసి గెలిపించిన ఎమ్మెల్యేకు లేదు.

భూమన జీవితంలోనే ఇది తేటగా కనబడుతుంది. ఆయన పేరు రాష్ట్రమంతా తెలిసింది ఎమ్మెల్యే అయ్యాక కాదు. అంతకు ముందే, వైఎస్ హయాంలో, 2006 నుంచి 2008 వరకు టీటీడీ చైర్మన్‌గా ఉన్నప్పుడు. పేద జంటలకు సామూహిక పెళ్లిళ్లు చేయించిన కల్యాణమస్తు, స్వామిని దళితవాడలకు తీసుకెళ్లిన దళిత గోవిందం ఆ రోజులవే. ఆయనను మెచ్చుకునేవాళ్లు ఇప్పటికీ ముందుగా చెప్పేది వాటి గురించే. శాసనసభలో ఆయన ఏం మాట్లాడారో చెప్పమంటే అభిమానులు కూడా ఆలోచనలో పడతారు. ఇది ఆయన ఒక్కడి లోపం కాదు, ఊరి అలవాటు. ఇక్కడ నాయకులందరి చూపూ కొండ మీదే.

ఒకసారి చూసిన విషయం చెబుతాను. ఏ ఎమ్మెల్యే కాలంలోనన్నది అనవసరం, అందరి దగ్గరా ఇదే తంతు. పొద్దున ఎనిమిదికి ఆఫీసు ముందు జనం. చేతుల్లో ఆధార్ జిరాక్సులు. బ్రేక్ దర్శనం లెటర్ కోసం, రూము కోసం. హైదరాబాదు నుంచి వచ్చిన చుట్టాలు, బెంగళూరు నుంచి వచ్చిన బాస్ ఫ్యామిలీ, అందరికీ లెటర్లే. వాళ్ల మధ్య ఒకామె ఖాళీ చేతులతో నిలబడి ఉంది. ఆమె వంతు రాగానే లోపలి కుర్రాడు తలెత్తకుండానే, "ఎంతమందికక్కా?" అన్నాడు. "లెటర్ గాదు నాయనా, మా వీధిలో కాలవ" అందామె. కుర్రాడు తలెత్తి చూశాడు. మర్యాదగానే, "అది కార్పొరేషన్‌లో చెప్పాలక్కా" అన్నాడు. ఆమె కార్పొరేషన్ నుంచే వచ్చిందట.

2011 లెక్కల్లో ఊరి జనాభా మూడు లక్షలకు కాస్త తక్కువ. రోజూ అరవై, డెబ్బై వేల మంది భక్తులు ఈ ఊరి మీదుగానే పైకెళ్లి దిగుతారు. వాళ్ల బస్సులు, వాళ్ల చెత్త, వాళ్లకు నీళ్లు, అన్నీ మోసేది కిందున్న ఊరే. వాన గట్టిగా పడితే వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్‌బ్రిడ్జి చెరువైపోతుంది. 2021 నవంబర్ వానలకు పల్లపు కాలనీలు ఎలా మునిగాయో మేం మర్చిపోలేదు. జనవరి 2025లో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం బైరాగిపట్టెడలో తోపులాట జరిగి ఆరుగురు చనిపోయింది కూడా ఈ ఊళ్లోనే. కొండకు వచ్చే జనం భారాన్ని మోసే ఏర్పాటు కింద లేకపోతే ఏమవుతుందో ఆ రాత్రి చూశాం.

భూమనకు ఈ సంగతి తెలుసు. అందుకే 2019-24 కాలాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. మాస్టర్ ప్లాన్ కాగితాల మీద ఏళ్ల తరబడి పడి ఉన్న రోడ్లు ఆ ఐదేళ్లలో నేల మీదికి వచ్చాయి. డిప్యూటీ మేయర్‌గా అభినయ్ వాటి వెంటే తిరిగారు. స్థలాలిచ్చినవాళ్లకు బదులుగా ఇచ్చిన టీడీఆర్ (బదలాయించుకోగల నిర్మాణ హక్కుల) బాండ్ల మీద ఎన్నికలదాకా గొడవ నడిచింది, ఆ గొడవ వాళ్లకు ఓట్లు కూడా పోగొట్టింది. అయినా ఆ రోడ్ల మీద ఇవాళ అందరం తిరుగుతున్నాం. చంద్రబాబు హయాంలో గరుడ వారధిగా మొదలై, 2023 సెప్టెంబర్‌లో శ్రీనివాస సేతుగా పూర్తయిన ఫ్లైఓవర్‌కు ఖర్చులో పెద్ద వాటా టీటీడీదే.

అసలు ముడి ఇక్కడే ఉంది. 2023 ఆగస్టులో భూమన రెండోసారి టీటీడీ చైర్మన్ అయ్యారు. అప్పుడాయన తిరుపతి ఎమ్మెల్యే కూడా. కొండ, ఊరు రెండూ ఒకే మనిషి చేతిలోకి వచ్చాయి. ఆ అక్టోబర్‌లో బోర్డు, టీటీడీ బడ్జెట్‌లో ఒక శాతం తిరుపతి అభివృద్ధికి ఇవ్వాలని తీర్మానించింది. ఆ ఏడాది బడ్జెట్ 4,411 కోట్లు, అంటే 44 కోట్లు. హుండీ డబ్బు రోడ్లకు, కాలవలకు ఎలా ఇస్తారని అభ్యంతరాలు లేచాయి. విషయం హైకోర్టుదాకా వెళ్లింది. సొంత పార్టీ ప్రభుత్వమే ఆ తీర్మానాన్ని ఒప్పుకోలేదు.

అభ్యంతరం చెప్పినవాళ్ల మాటలో బలం ఉంది. భక్తుడు ముడుపు కట్టుకుని వేసిన రూపాయి ధర్మానికే పోవాలి. కానీ భక్తుడు నడిచే రోడ్డు, తాగే నీళ్లు, నిలబడే క్యూ ధర్మంలోకి రావా? రావాలనే నేనంటాను. ఎంత, దేనికి, ఎవరి అజమాయిషీలో అన్నది బోర్డు తీర్మానంతో తేలదు. టీటీడీ నడిచేది 1987 నాటి దేవాదాయ చట్టం కింద. ఆ చట్టాన్ని సవరించగలిగేది శాసనసభ. తీర్మానం ఈ చైర్మన్ చేస్తే వచ్చే చైర్మన్ తీసేస్తాడు, ప్రభుత్వం పక్కన పెడుతుంది. చట్టంలో ఒక్క క్లాజు పెడితే ఎవరూ తేలిగ్గా కదపలేరు. భూమన పార్టీకి సభలో 151 మంది ఉన్న ఐదేళ్లవి. ఆ క్లాజు కోసం తిరుపతి ఎమ్మెల్యే సభలో పట్టుబట్టలేదు. కొండ మీది కుర్చీలో కూర్చుని చేయబోయిన పనిని అమరావతిలోని కుర్చీలో కూర్చుని చేసి ఉంటే, ఆయన పేరు ఈ ఊరి చరిత్రలో వేరేగా ఉండేది. ఆయన మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదే.

ఇప్పుడు ఆ సీటు ఆరణి శ్రీనివాసులుది. చిత్తూరు నుంచి వచ్చారని మొదట్లో కూటమి నాయకులే ముఖం చిట్లించారు. జనం అది పట్టించుకోకుండా 62 వేల మెజారిటీ ఇచ్చారు. ఆయన కూటమి చేతిలో కూడా సభ నిండుగా ఉంది. ప్రతి నెలా మొదటి మంగళవారం స్థానికులకు దర్శనం టీటీడీ మళ్లీ మొదలుపెట్టింది, మంచిదే, మేమూ వెళ్లాం. కానీ ఊరికి కావలసింది దర్శనం టోకెన్ ఒక్కటే కాదు. ఆరణి గారు ఒక సవరణ బిల్లు రాయించి సభలో పెట్టాలి. పడిపోయినా ఫరవాలేదు, ఎవరెవరు కాదన్నారో ఊరికి తెలుస్తుంది.

ఆ రోజు ఖాళీ చేతులతో నిలబడ్డామె మా పక్క వీధే. అప్పటికీ ఇప్పటికీ ఎమ్మెల్యే మారాడు. మొన్న వానకు కాలవ నీళ్లు ఆమె గడప ఎక్కాయి. ఇసుక బస్తాలు అడ్డం వేసుకుంటుంటే మేమూ రెండు మోసి ఇచ్చాం.