కట్టుబాటు కాదు, అది వెలివేత

కులాంతర పెళ్లి చేసుకున్నారనో, పెద్దమనుషుల మాట వినలేదనో ఓ కుటుంబాన్ని వెలేశారన్న వార్త రాగానే పక్కనే ‘ఊరి కట్టుబాటు’ అన్న మాటా వస్తుంది. తరతరాల ధర్మం అన్నట్టుగా అందరం రాసేస్తున్నాం. ఇది ఆ మాటకు చేస్తున్న అన్యాయం.

మాటను విప్పి చూడండి. కట్టు, పాటు కలిస్తే కట్టుబాటు. ఆ ‘పాటు’ పుట్టింది ‘పడు’ నుంచి. దిద్దుబాటు, సర్దుబాటు, తిరుగుబాటు అన్నీ ఆ కుదురువే. తిరగబడినవాడిది తిరుగుబాటు, కట్టుబడినవాడిది కట్టుబాటు. ‘ఇచ్చిన మాటకు కట్టుబడి ఉంటా’ అని మనిషి తనంతట తాను అంటాడు. నలుగురు కలిసి తాళ్లతో కట్టిపడేస్తే దాన్ని కట్టుబడటం అంటామా?

ఇక వెలివేత. వెలి అంటే బయట. వెలుపల, వెలివాడ అన్న మాటల్లో ఉన్నది అదే. ‘వేత’ మాత్రం ‘వేయు’ నుంచి వచ్చింది. వేసేవాడు ఒకడు, బయటపడేవాడు ఇంకొకడు. మన భాష ఇంత స్పష్టంగా విడదీసి పెట్టినదాన్ని మనమే కలిపేస్తున్నాం.

కట్టుబాట్లు లేకపోతే ఊరు నిలవదంటారు. నిజమే, చెరువు కింద నీటి వంతులు, పొలాలకు నీళ్లు వదిలే నీరటి మాట మీదే నడిచాయి. పక్కవాడి వంతప్పుడు తాను ఆగితేనే తన వంతు దక్కుతుందని రైతుకు తెలుసు, అందుకే కట్టుబడ్డాడు.

వెలిలో అదేం ఉంది? కిరాణా కొట్టులో సరుకు ఇవ్వరు. క్షవరం చేయరు. ఇంట్లో చావు జరిగితే మోయడానికి నలుగురు రారు. పలకరించినవాళ్లకూ జరిమానా, అదీ డప్పు వేయించి మరీ చాటిస్తారు. తెలంగాణ పల్లెల్లో ఆ జరిమానా పేరే ‘తప్పు’. ‘తప్పు కట్టు’ అంటారు. కట్టుబాటులో చివరికి మిగిలింది డబ్బు కట్టే ఈ ‘కట్టు’ ఒక్కటే. 2017లో పశ్చిమగోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం దగ్గర మొదలైన వివాదంలో దళితులను పొలం పనులకు పిలవడం మానేశారు. ఆ దళితులు దేనికి కట్టుబడ్డారని?

ఎస్సీ, ఎస్టీలను ఇతరులు బహిష్కరిస్తే అట్రాసిటీ చట్టం ఉంది. సొంత కులమే వెలేస్తే అది పనికిరాదు. మహారాష్ట్ర 2016లోనే ఏ కులంలో జరిగినా వర్తించేలా చట్టం చేసింది: మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. మన రెండు రాష్ట్రాలూ అలాంటిది తేవాలి. ఆ చట్టంలోనూ, స్టేషన్‌లో రాసే ఎఫ్ఐఆర్‌లోనూ ‘వెలివేత’ అనే రాయాలి. అలా రాస్తేనే వేసిందెవరో పేర్లు రాయక తప్పదు.