నైతికతకూ ఒక పరీక్ష

తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ చదివిన చాలామందికి ‘నైతికత, మానవ విలువలు’ అనే పరీక్ష గుర్తుండే ఉంటుంది. మొదటి సంవత్సరంలో, అసలు పరీక్షలకు ముందు, ఒక తంతులా జరిగిపోయేది. అందులో గట్టెక్కి తీరాలి, కానీ ఆ మార్కులు మొత్తంలో కలవవు. కలవని మార్కులను ఎంత పట్టించుకోవాలో మన పిల్లలకు ఒకరు చెప్పనక్కరలేదు. ముందురోజు రాత్రి గైడు తిరగేసి, సత్యం గురించి రెండు పేజీలు నింపి వచ్చేవారు. కరోనా వల్ల 2021లో తెలంగాణ ఇంటర్ బోర్డు ఆ జవాబులను ఇంటి దగ్గరే రాసి ఇమ్మంది. నిజాయతీ గురించిన జవాబును పుస్తకం చూసి రాసే అవకాశం అలా అధికారికంగానే దొరికింది.

విలువల చదువు మీద మన గొడవ మాత్రం ఎప్పుడూ వేరేచోట జరుగుతుంది. ఎవరి విలువలు, ఏ గ్రంథం నుంచి, ఎవరి నోట? 1999లో ఎస్.బి. చవాన్ నేతృత్వంలోని పార్లమెంటరీ సంఘం సత్యం, ధర్మం, శాంతి, ప్రేమ, అహింస అని ఐదింటిని ఎంచింది. వాటితో ఎవరికీ పేచీ లేదు. 2000 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక మతాల గురించిన బోధనను కూడా జతచేయడంతో సామాజిక కార్యకర్త అరుణా రాయ్ తదితరులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. మతాల గురించి తెలియజెప్పడం వేరు, మతబోధ వేరు అంటూ 2002లో కోర్టు ఆ ప్రణాళికను సమర్థించింది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావును విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా నియమించింది. ఎవరి నోట అన్న ప్రశ్నకు ఇంకా కాలం చెల్లలేదన్నమాట.

ఆ ప్రశ్న చిన్నదని నేననను. ప్రభుత్వ బడిలో అన్ని మతాల పిల్లలూ, ఏ మతమూ లేని ఇళ్ల పిల్లలూ కూర్చుంటారు. కానీ ఏ గ్రంథం తెచ్చిపెట్టినా, పిల్లలు ముందు చదివేది తమ ఎదుట నడిచే వ్యవహారాన్నే. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ప్రశ్నపత్రాలు పరీక్ష జరుగుతుండగానే వాట్సాప్‌లో తిరిగాయి. అరెస్టయినవారిలో ఉపాధ్యాయులూ ఉన్నారు. మరుసటి ఏడాది తెలంగాణలో, వికారాబాద్ జిల్లాలో, తెలుగు పేపరుదీ అదే కథ. పరీక్షల్లో అక్రమాలను నిరోధించే చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 1997లోనే వచ్చింది. చట్టం లేక కాదు, ర్యాంకు ముందు అది ఎవరికీ గుర్తురాక. ఫ్లెక్సీల మీద మార్కులు వేసి ఊరంతా కట్టే విద్యాసంస్థ, ఆ మార్కులు ఎలా వచ్చాయని అడిగే పిల్లవాడిని తయారుచేస్తుందని ఎలా అనుకోగలం?

ఇక నిజంగా పిల్లలకు అవసరమైన నైతిక పాఠం ఏదైనా వస్తే పెద్దలే ముందు బెదిరిపోతారు. కౌమార విద్యా కార్యక్రమం పేరుతో కేంద్రం శరీరం గురించి, హెచ్‌ఐవీ గురించి పాఠాలు తెచ్చినప్పుడు, 2007 ప్రాంతంలో మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక, మధ్యప్రదేశ్ వద్దన్నాయి. 2009లో ఎం. వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ కూడా బడుల్లో లైంగిక విద్య తగదంది. మూడేళ్లకే, 2012లో, పిల్లలపై లైంగిక నేరాలకు పోక్సో చట్టం తేవలసి వచ్చింది. ఏ స్పర్శ తప్పో తెలియని పిల్లకు ఫిర్యాదు చేసే హక్కు ఇచ్చాం.

వివాదం రాని విలువల పాఠం కావాలంటే సూక్తులు చాలు. అందుకే అధికారులకు అవంటే ఇష్టం. హాస్టల్లో కులాన్నిబట్టి ఎవరు ఎవరి పక్కన కూర్చుంటున్నారు, ప్రాక్టికల్స్‌లో పిప్పెట్ ముట్టని విద్యార్థికి ముప్పైకి ముప్పై ఎలా పడ్డాయి అని తరగతిలో చర్చకు పెట్టే ఉపాధ్యాయుడి మీద మర్నాటికే ఫిర్యాదు వెళ్లే అవకాశం ఎక్కువ. నా దృష్టిలో ఆయన చెప్పేదే నైతిక పాఠం. ఫిర్యాదు వెళ్లిన రోజున ఆయన పక్షాన విద్యాశాఖ నిలబడుతుందా అన్నదాన్నిబట్టే విలువల మీద ప్రభుత్వ పట్టుదలను నేను కొలుస్తాను. సలహాదారు ఎవరన్నది నాకు ఆ తర్వాతి సంగతి.