ముసలివాళ్ల కంచంలో అన్నం ఉంది, పప్పు ఏది?

హనుమకొండలో ఏ మందుల దుకాణంలో చూసినా ప్రొటీన్ పొడి డబ్బాలు అరల నిండా కనిపిస్తాయి. ఊళ్లో అమ్మకు నీరసంగా ఉందని తెలిస్తే దుబాయిలో ఉన్న కొడుకు ముందుగా కొనిపించేది వాటినే. ఫంక్షనల్ ఫుడ్ (ఆకలి తీర్చడమే కాక ఒంటికి ప్రత్యేకంగా ఏదో మేలు చేస్తుందని చెప్పే తిండి) అంటే డబ్బాలో వచ్చేదేనన్న అభిప్రాయం బలపడింది. 1991లో జపాన్ ఇలాంటి ఆహారాలకు అనుమతి విధానం తెచ్చినప్పుడు, ఫలానా మేలు చేస్తుందని చెప్పాలంటే ఆధారం చూపాలని షరతు పెట్టింది. మన దుకాణాల దాకా ఆ పేరు వచ్చింది కానీ ఆధారం అడిగే అలవాటు రాలేదు.

పసుపునే తీసుకోండి. 2025 జనవరిలో నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. రైతుకు అది సంతోషమే. అయితే మేలు చేస్తుందని చెప్పే కర్‌క్యుమిన్ అనే పదార్థం పసుపులో ఉండేది దాదాపు మూడు శాతం, అందులో రక్తంలోకి చేరేది మరీ స్వల్పం. కూరలో వేసే చిటికెడు పసుపుతో మోకాళ్ల నొప్పులు పోతాయనడం అత్యాశ.

పాత తిండి భక్తులతోనూ నాకు పేచీ ఉంది. జొన్న గటక తిన్న తాతలు నూరేళ్లు బతికారంటారు. ముందే పోయినవాళ్లను ఎవరు లెక్కపెట్టారు? రాగులు మంచివే, వంద గ్రాములలో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో పది కూడా ఉండదు. కానీ 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక, ఆ తరువాత బోర్లు, కాలువలు వచ్చాక, కంచమంతా అన్నమే అయింది. ఇప్పుడు తెలంగాణ రేషన్‌లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం.

లెక్క వేద్దాం. యాభై అయిదు కిలోల ముసలామె రోజుకు పావు కిలో బియ్యం వండుకుంటే ఇరవై గ్రాముల ప్రొటీన్. గుప్పెడు కందిపప్పుతో ఆరేడు, కప్పు పెరుగుతో మూడు. మొత్తం ముప్పై. జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు చెప్పే కిలోకు 0.83 గ్రాముల ప్రకారమే నలభై ఆరు కావాలి. వృద్ధులకు కిలోకు ఒక గ్రాము, ఇంకొంచెం ఎక్కువ ఉండాలన్నది వయోవృద్ధుల వైద్యుల మాట (మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లు వైద్యుణ్ని అడగాలి). ఈ లోటే కండను కరిగిస్తుంది. కూర్చున్న చోటి నుంచి లేవడానికి చేతులు ఆనించడం అక్కడే మొదలవుతుంది.

పూడ్చలేని లోటు కాదిది. రెండు గుడ్లు, చిక్కటి పప్పు, దొరికిన రోజున చెరువు చేపలు చాలు. అయితే గుడ్డు వేడి చేస్తుందంటారు, పళ్లు లేవంటారు. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి ఒంటరితనం. ఒక్క ప్రాణానికి మళ్లీ పొయ్యి ఎందుకని మధ్యాహ్నపు అన్నంలో మజ్జిగ పోసుకుని, పచ్చడి నంజుకుని పడుకుంటారు. ఉప్పు మాత్రం రోజుకు అయిదు గ్రాముల పరిమితి దాటుతుంది. 2,016 రూపాయల పింఛనులో పొడి డబ్బాకే చాలా భాగం పోతే పప్పుకు ఏం మిగులుతుంది?

ఆరోగ్యలక్ష్మి కింద అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు వేడి భోజనం, గుడ్డు, పాలు పెడుతున్నారు. ఊళ్లో ఒంటరిగా ఉన్న నలుగురైదుగురు ముసలివాళ్లకూ అక్కడే ఆకు వేయవచ్చు. టీచరు మీద ఇప్పటికే ఉన్న పని చాలదా అంటే, నిజమే. వండడానికి ఇంకో మనిషిని, గుడ్లకు ఇంకొంత డబ్బును ఇచ్చాకే ఆ మాట అడగాలి.