పిడికెడు బియ్యానికి లెక్క

తెలుగు క్రైస్తవ సంఘాల్లో పాత తరానికి పిడికెడు బియ్యం గురించి చెప్పనక్కర్లేదు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం మందిరానికి చేరేది. ఎన్నో పల్లెల్లో పాస్టరు ఇంట పొయ్యి వెలిగింది దానితోనే. ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది కూలికి వెళ్తేగానీ పూట గడవని మాల, మాదిగ కుటుంబాల ఆడవాళ్లు.

1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు. తిండి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, ఆ సాయం సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారు. సాయం ముగిశాక 1878 జులై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. డబ్బుకీ విశ్వాసానికీ మధ్య గీత గీయడంలో ఆ రోజుల్లో అంత జాగ్రత్త పడ్డారు.

ఇప్పుడు ఆ గీత చెరిగిపోతోంది. ఒకప్పుడు ఊరి చివర ఉన్న మిషన్ కాంపౌండ్లు ఇవాళ పట్టణాల నడిబొడ్డున కోట్ల విలువైన స్థలాలయ్యాయి. వాటితోపాటే లీజుల గొడవలు, కమిటీ ఎన్నికల్లో వర్గాలు, కోర్టు వాయిదాలు వచ్చాయి. 2024లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ) వ్యవహారాలు చూడటానికి మద్రాసు హైకోర్టు ఇద్దరు విశ్రాంత న్యాయమూర్తులను నియమించాల్సి వచ్చింది. మెదక్ మహాదేవాలయానికి, అంటే అక్కడి పెద్ద చర్చికి, నూరేళ్లు నిండింది కూడా ఆ ఏడాదే. మరో కరువు రోజుల్లో పనిచేసి అన్నం తిన్న కూలీల చేతుల మీద లేచిన గుడి అది.

లెక్క అడిగితే, దేవుని సొమ్ముకు లెక్కేమిటని నోరు మూయించే పెద్దలు ఇంకా ఉన్నారు. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న బైబిల్ వాక్యాన్నీ అడ్డం పెడతారు. ఆ మాట ఇచ్చేవాడికి చెప్పింది, ఖర్చు పెట్టేవాడికి కాదు. యెరూషలేము పేదల కోసం చందా పోగుచేసిన తొలి తరం క్రైస్తవ ప్రచారకుడు పౌలు, తన మీద ఎవరూ వేలెత్తి చూపకూడదని తోడుగా మనుషులను పంపించాడు. ప్రభువు ఎదుటే కాదు, మనుషుల ఎదుట కూడా నిజాయితీగా కనిపించాలని కొరింథీయులకు రాశాడు.

బయటివాళ్ల విమర్శలు పెరిగిన ఈ రోజుల్లో ఇంటి గుట్టు రచ్చకెక్కించొద్దని కొందరు నిజంగానే భయపడుతున్నారు. ఆ భయాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ గుట్టు ఎప్పుడో కోర్టుకెక్కింది. ఈ మౌనం మూల్యం చెల్లిస్తున్నది పల్లెలో చాలీచాలని జీతంతో మూడు నాలుగు సంఘాలు చూసుకునే పాస్టరు. ఫీజు కట్టలేక టెన్షన్ పడే అతని పిల్లలు. గొడవలు చూసి విసిగిపోయి ఆదివారం ఫోన్లో ప్రసంగం వింటూ ఇంట్లోనే ఉండిపోతున్న యువకులు.

ఇంకో చిక్కుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు, వీరికి తెరవలేదు. అందువల్ల ఆ హోదా పోగొట్టుకోలేక, ఆదివారం మందిరంలో కూర్చునే ఎంతోమంది కాగితాల మీద క్రైస్తవులు కారు. సంఘం సభ్యుడినంటూ సంతకం పెట్టి ఫిర్యాదు చేయడానికి జంకుతారు. పిడికెడు బియ్యం పెట్టిన కుటుంబాలకే అడిగే గొంతు లేకుండా పోయింది. చట్టం మారాలన్న వారి కోరిక న్యాయమైనది. అది మారేదాకా వాళ్లు అడగకుండానే లెక్క చెప్పాల్సిన బాధ్యత సంఘపెద్దలదే.

సీఎస్ఐ 2013లో నంద్యాలకు ఒక మహిళను, పుష్పలలితను, బిషప్‌గా నియమించింది. అదే దారిలో ప్రతి సంఘం కోశాధికారుల్లో ఒక మహిళ ఉండాలి. లీజులు బహిరంగ వేలంలోనే ఇవ్వాలి. కోత పండుగ కానుకలు ఎంత వచ్చాయో, పాస్టరుకు ఎంత చేరిందో, డయోసిస్‌కు, అంటే బిషప్ కింద ఉండే పాలక విభాగానికి, ఎంత వెళ్లిందో ఆ మరుసటి ఆదివారమే మందిరం తలుపు మీద అంటించాలి. చదవడం రాని ముసలమ్మల కోసం ఆరాధన ముగిశాక ఎవరైనా పైకి చదివి వినిపించాలి.